మూడో సిలిండరు

బండి మొదటిసారి వణికింది ఒక మంగళవారం తెల్లవారి, బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మడివాళ వైపు పోయే పై వంతెన మీద. ఆ వంతెన గురించి తెలియని వాళ్ళకు ఒక్క మాట చెప్తే చాలు: ఎక్కితే ఎక్కినట్టే. మనసు మారిందని మధ్యలో దిగిపోవడానికి వీలుండదు. టీ కొట్టు ఉండదు, చెట్టు ఉండదు, బండి ఓ పక్కకు తీసి ఆలోచించుకునే చోటు ఉండదు. రెండు వైపులా గోడ, కింద హోసూరు రోడ్డు.

గేరు మార్చి యాక్సిలరేటరు నొక్కాను. బండి ముందుకు పోయింది, కాకపోతే ఇష్టం లేకుండా పోయింది. సీటు, డోరు, డాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడు, అక్క ఒడిలో ఉన్న స్టీలు డబ్బా, అన్నీ ఒకేసారి దడదడలాడాయి. కాలు తీశాను. ఆగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మొదలైంది.

"ఏమప్పా, రోడ్డు తవ్వినారా?" అంది అక్క కళ్ళు తెరవకుండానే.

"తవ్వినట్లే ఉండాది."

వంతెన మీద రోడ్డు ఎవరూ తవ్వరని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. తప్పుడు జవాబు వినగానే గుర్తుపడుతుంది. కానీ పిల్లవాడి మొహం చూసి ఒక్కోసారి మార్కులు వేసేస్తుంది. ఆ పొద్దు నాకు అలా వేసింది.

మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పెళ్ళి విషయంలో అక్క అయ్యాక నేను అని నేను, తమ్ముడు స్థిరపడ్డాక నేను అని అక్క, ఇద్దరం మర్యాదగా ఒకరికొకరం దారి ఇచ్చుకుంటూ ఉండగా వయసు మా ఇద్దరినీ దాటి పోయింది. పాత పేటలో ఉన్న ఇల్లు వదిలి, నా ఉద్యోగం బొమ్మసంద్రలో గనక హెబ్బగోడి పక్కకు వచ్చి పడ్డాం. వచ్చిన కొన్నేళ్ళకు అక్క మూత్రపిండాలు పని మానేశాయి. అప్పటి నుంచి మంగళ, గురు, శని వారాల్లో పొద్దున ఆరున్నరకు ఆమె మడివాళ అవతల ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఉండాలి. నాలుగు గంటల పాటు ఆమె రక్తం బయటికి వచ్చి, మిషన్లో తిరిగి, శుభ్రపడి మళ్ళీ లోపలికి పోతుంది. ఒకసారి తప్పితే ఒంట్లో నీళ్ళు నిలుస్తాయి. ఇంకోసారి తప్పితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. డాక్టరు ఇంత వివరంగా చెప్పలేదు. "తప్పించకండి" అన్నాడు, అంతే. మిగతాదంతా ఆ ఒక్క మాట లోపలే ఉంది.

క్యాబుల్లో పోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. పోయాం. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు అక్కకు కళ్ళు తిరుగుతాయి, వాంతి వస్తుంది. ఒక డ్రైవరు సీటు పాడైందని ఆమెను ఎండలో దించి, అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఇంటికొచ్చాక అక్క, "ఇంక మన బండి ఉంటే పోదాం, లేకుంటే లేదు" అంది. అందుకని మా బండి వణకడం అంటే ఒక బండి వణకడం కాదు.

ఆ మధ్యాహ్నమే టైర్ల షాపుకు పోయాను. వాళ్ళు నాలుగు చక్రాలూ విప్పి, తిప్పి, అంచులకు సీసపు ముక్కలు అంటించి, "ఇంక వెన్న మాదిరి పోతాది సార్" అన్నారు. షాపు ముందు నుంచి మలుపు దాకా నిజంగానే వెన్నలా పోయింది. మలుపు తర్వాత చిన్న ఎత్తు ఉంది. ఎత్తు ఎక్కడానికి కాలు నొక్కాను. వినాయకుడు ఒరిగిపోయాడు.

బుధవారం కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇచ్చాను. మెడలో కార్డు వేసుకున్న మనిషి ఒకడు బండిని సర్వీసు రోడ్డు మీద ఒక్కడే నిదానంగా తిప్పి తెచ్చి, వణుకేమీ లేదన్నాడు. ఉందన్నాను. అయితే ఇంజన్ మౌంట్లు అయి ఉండవచ్చన్నాడు. ఇంజనును బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు అవి. స్టాకు లేవు, వచ్చే బుధవారం వస్తాయట. అంతదాకా నడపవచ్చా అని అడిగాను. "మెల్లగా" అన్నాడు. మెల్లగా అనే మాటను హోసూరు రోడ్డు మీద ఎలా అమలు చేయాలో చెప్పలేదు.

నా ఉద్యోగం గురించి ఇక్కడ చెప్పడం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో, తయారైన సరుకులో లోపం వస్తే దానికి మూలకారణం కనిపెట్టి రిపోర్టు రాయడం నా పని. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడుపుతున్నప్పుడు మాత్రం నాకు తోచిన మూలకారణం ఒక్కటే: మా గ్రహచారం.

గురువారం పోయేటప్పుడు కింది రోడ్డు పట్టాను. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగాలి, ప్రతి ఆగుడు తర్వాతా కదలాలి, కదిలిన ప్రతిసారీ వణకాలి. ఇంటి నుంచి గంట ముందే బయల్దేరినా ఆసుపత్రికి ఆలస్యమైంది. తిరిగి వచ్చేటప్పుడు అక్క మొహం తెల్లకాగితంలా ఉంది. కింద పోతే ఆ కుదుపులకు ఆమె తట్టుకోదని పై వంతెన ఎక్కాను. తప్పు చేశానని ఎక్కుడు దారి సగంలోనే తెలిసింది. వెనక ఇనుప చువ్వల లారీ. ఎత్తు మీద కాలు నొక్కేకొద్దీ బండి దగ్గుతూ, వేగం యాభై నుంచి నలభైకి, నలభై నుంచి ముప్పైకి దిగుతోంది. లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం మరిచిపోయాడు. అప్పుడే నా కళ్ళ ముందు ఇంజను బొమ్మతో పసుపు లైటు ఒకటి వెలిగి, ఆరి, వెలిగి, ఆరింది.

నేను ఆ లైటుకు అడ్డంగా స్టీరింగు మీద చెయ్యి జరిపాను. అక్కకు కనపడకూడదని. బండి ఆగితే ఏం చేయాలి, ఆమెను ఎక్కడ నిలబెట్టాలి, వెనక లారీ నిలుస్తుందా అని వరసగా ఆలోచించాను. దీపస్తంభాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయాను. ఎన్ని లెక్కపెట్టానో అడక్కండి, ప్రతి పదికీ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

ఇల్లు చేరాక సర్వీస్ సెంటరుకు ఫోన్ చేశాను. లైటు ఆరి ఆరి వెలుగుతోందంటే అవతలి గొంతు మారిపోయింది. "సార్, అయితే నడపకండి" అంది. డాక్టరేమో తప్పించకండి అన్నాడు. వీళ్ళు నడపకండి అన్నారు. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ విద్యలో నిపుణులే. ఇద్దరి మధ్య నేను.

శనివారం తెల్లవారి నాలుగున్నరకు లేచి చూస్తే అక్క వంటింట్లో నింపాదిగా కూర్చుని ఉంది. చీర మార్చుకోలేదు.

"ఈ పొద్దు నాకు బాగుండాది రా. పోయేది వద్దు."

"బాగుండేదేంది? డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరుకేమి తెలుస్తాది, ఒళ్ళు నాది కదా. మంగళవారం పోదాం. ఒక దినంతో ఏమీ కాదు. ఊరికే సుమ్నే గలాటా చేయొద్దు."

నేను ఇంకో రెండు మాటలన్నాను. మూడోది అనలేదు. అనకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆమె వద్దనగానే నా గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఈ పొద్దు ఆ వంతెన ఎక్కనక్కర్లేదు. పోయి మళ్ళీ పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికి అక్క పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంత పడి, అలాగే ఉండిపోతోంది. సాయంత్రానికి ఆమె వెనక్కి వాలడం మానేసింది. వాలితే ఊపిరి ఆడటం లేదు. "దిండు బాగలేదు" అంది. దిండు పదేళ్ళుగా అదే. నేను ఆసుపత్రికి ఫోన్ చేశాను. సోమవారం పన్నెండు గంటలకు ఒక మంచం ఖాళీ అవుతుంది, తప్పకుండా తీసుకురండి, ఆయాసం ఎక్కువైతే దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి పోండి అన్నారు. అంబులెన్సు పిలుద్దామన్నాను.

"సైరన్ ఊదుకుంటా పోవడానికి నేనేమన్నా మంత్రినా? రేపు పన్నెండుకు కదా. అప్పటిదాకా నాకేమీ కాదు. బండి చూపించుకో."

మా ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టులు రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేసి అడిగితే, హెబ్బగోడిలోనే ఒక మెకానిక్ ఉన్నాడని, ఏడింటికల్లా షట్టరు ఎత్తుతాడని చెప్పాడు. కోలారు అవతల సరిహద్దు ఊరి మనిషట. "మన మాటే మాట్లాడతాడు. కానీ నోరు కొంచెం దూకుడు" అని కూడా చెప్పాడు. నాకు ఆ పూట నోరు ఎలాంటిదైనా ఫరవాలేదు.

సోమవారం ఏడింటికి అక్కను కూడా ఎక్కించుకుని పోయాను. ఒంటరిగా ఇంట్లో ఉండనంది. ఉంచే ధైర్యం నాకూ లేదు. షెడ్డు, ఫ్యాక్టరీ పనివాళ్ళు అద్దెకుండే గదుల వరస చివర ఉంది. మెకానిక్ యాభై దాటిన మనిషి. అక్కను చూసి, ఏమీ అడక్కుండా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తుడిచి వేశాడు. కాళ్ళు పెట్టుకోవడానికి పాత టైరు ఒకటి దొర్లించి దాని మీద గోనెపట్ట పరిచాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఎప్పుడు వణుకుతాది సార్?"

"యాక్సిలరేటరు నొక్కితే."

"కాలు తీస్తే?"

"వణుకు నిలబడిపోతాది."

"బ్రేకు తొక్కితే?"

"ఏమీ లేదు."

"అదే స్పీడులో న్యూట్రల్ చేసి వదిలిపెడితే?"

"చూడలేదు."

"వారం దినాలుగా తిరగతా ఉండారు. ఒక తూరి న్యూట్రల్ చేసి చూడలేదా?"

"భయపడే పనిలో ఉన్నానప్పా. తీరిక దొరకలేదు."

కుర్చీలో నుంచి అక్క నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగిపోయింది. మెకానిక్ ఆ చప్పుడు విన్నాడు. నన్ను చూశాడు.

"అక్కను యాడికి తీసుకపోవల్ల?"

చెప్పాను. పన్నెండని కూడా చెప్పాను. అతను గోడ గడియారం చూసి, చేతులు తుడుచుకుని, "ఎక్కండి" అన్నాడు. అక్కను కుర్చీలోనే ఉండనిచ్చి తనే నడిపాడు. బొమ్మసంద్ర వైపు లారీలు పోయే ఎత్తు రోడ్డు మీద బండిని నాలుగో గేరులో పెట్టి, కాలు అదిమాడు. వణికింది. అంత వణుకులోనూ గేరు తప్పించి వదిలేశాడు. అదే వేగంతో బండి నూనె రాసినట్టు జారిపోయింది.

"చూసినారా? చక్రానికి జబ్బయితే స్పీడును పట్టుకొని వస్తాది. ఇంజనుకు జబ్బయితే బరువును పట్టుకొని వస్తాది. టైర్లోళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు తెలిసిన వైద్యం వాళ్ళు చేసినారు."

షెడ్డుకు వచ్చి అరచేతిలో పట్టే స్కానరు ఒకటి స్టీరింగు కింద తగిలించాడు. గురువారం వెలిగిన లైటు పుణ్యమా అని దాని మీద సంగతి కనబడింది. నాలుగు సిలిండర్లలో మూడోది మంట తప్పుతోంది. ఉత్తినే నిలబడి ఉంటే పని చేస్తుంది, బరువు పడినప్పుడు మానేస్తుంది.

"అంటే?" అన్నాను.

"నలుగురు మోస్తా ఉండారనుకోండి. సాపు నేల మీద అందరూ బాగానే నడస్తారు. గడ్డ ఎక్కేటప్పుడు ఒకడు భుజం తీసేస్తే ఎట్లుంటాది? పైన ఉండేది ఊగదా?"

నలుగురు మోసేది ఏమిటో మన భాషలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నేను అక్క వైపు చూడలేదు.

"పైన ఉండేదానికి ఊగినా తెలియదులేప్పా," అంది అక్క. "నువ్వు నీ పని చూసుకో."

మెకానిక్ నాలుక కరుచుకుని బానెట్ కింద తల దూర్చాడు.

ప్రతి సిలిండరు నెత్తి మీదా ఒక కాయిల్ ఉంటుంది, మంటకు కావలసిన కరెంటు ఇచ్చేది. అతను మూడోదాని కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోదానిది మూడోదానికి మార్చి పెట్టాడు.

"జబ్బు కాయిల్‌దయితే దానితో పాటు ఒకటోదానికి పోతాది. పోలేదంటే ఆ ఇంట్లోనే ఉండాది."

మళ్ళీ ఎత్తు రోడ్డు. మళ్ళీ వణుకు. స్కానరు మళ్ళీ మూడే అంది. ప్లగ్గులు కూడా మార్చి చూశాడు. మూడే. ఇరవై ఏళ్ళుగా నేను రిపోర్టుల్లో పేజీలకు పేజీలు రాసే పద్ధతి ఇదే. ఒక్క వస్తువు మార్చు, తప్పు కదిలిందో లేదో చూడు. నా బండి విషయంలో నాకెందుకు తోచలేదో ఆ పూట అర్థమైంది. రిపోర్టుల్లో లోపం ఉన్న సరుకు పక్క సీట్లో కూర్చుని నాతో మాట్లాడదు.

ఎనిమిదిన్నర అయింది. అక్క రెండు చేతులూ కుర్చీ అంచున ఆనించి ముందుకు వంగి కూర్చుంది. ఒక వాక్యాన్ని రెండు ముక్కలుగా చెప్తోంది. నేను ఫోనులో క్యాబ్ కోసం చూశాను. ఒకడు ఒప్పుకుని, ఫోన్ చేసి, ఎక్కడికో విని మానేశాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు ఫోన్ కూడా చేయలేదు. పదకొండు దాటితే ఆమె ఏమన్నా సరే అంబులెన్సే అని మనసులో గీత గీసుకున్నాను.

మెకానిక్ మూడో కాయిల్ నుంచి వెనక్కి పోయే వైరును వేలితో తడుముకుంటూ పోతున్నాడు. ఇంజను వెనక, చెయ్యి కష్టంగా దూరే చోట, వేలు ఆగింది. టార్చి వేశాడు.

"సార్, ఇట్ల రాండి. లోపల ఎవరో టిఫిన్ చేస్తా ఉండారు."

చూశాను. బానెట్ లోపలి దూది పీకి, మెత్తగా గుండ్రంగా పరిచిన పరుపు. దాని మీద ఎలుక పెంటికలు, నమిలిన నల్ల వైరు తొక్కలు, మూడు నాలుగు బొరుగులు, ఒక పుట్నాల పప్పు. పక్కన సగం కొరికిన కాగితం పొట్లం, దాని మీద కుంకుమ బొట్టు.

ఆ బొట్టు పెట్టిన వేలు ఎవరిదో నాకు చూడగానే తెలిసింది.

మా తాత పాత పేటలో మగ్గం నేసేవాడు. ఆయుధ పూజ నాడు మగ్గానికి బొరుగులు, పుట్నాలు, బెల్లం, కొబ్బరి ముక్క పొట్లం కట్టి పెట్టడం మా ఇంట్లో ఆచారం. ఏ యంత్రం వంతు ఆ యంత్రానికే. పై చెక్క మీద పెట్టకూడదు, ఆడే చోట పెట్టాలి. మరునాడు దాన్ని మళ్ళీ కదిలించే ముందు, దాన్ని వాడే మనిషి ఆ పొట్లం తీసుకుని తినాలి. మగ్గాలు పోయాయి, ఆచారం మిగిలింది. అక్క ఇప్పటికీ మిక్సీకి, కుట్టు మిషనుకు, నా ల్యాప్‌టాప్‌కు తలా ఒక పొట్లం పెడుతుంది. బండిది డాష్‌బోర్డు మీద పెట్టమంటే ఒప్పుకోదు. బానెట్ ఎత్తించి ఇంజను మీదే పెడుతుంది. తీయవలసింది నేను. ఆ మరునాడు డయాలసిస్ రోజు. పొద్దున అయిదింటి హడావిడిలో ల్యాప్‌టాప్‌ది తిన్నాను, బండిది మరిచిపోయాను. నెల దాటింది. బండిది ఎలుక తింది. తిని, భోజనం బాగున్న ఇల్లని అక్కడే కాపురం పెట్టింది.

మెకానిక్ ముందు పొట్లం కాగితం తీసి, కుంకుమ వైపు కళ్ళకద్దుకుని, షెడ్డు గోడ గూట్లో పెట్టాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

"చక్రం కింద నిమ్మకాయ పెట్టేటోళ్ళను చూసినా. ఇంజనుకు ఎడ పెట్టి నైవేద్యం చేసేటోళ్ళను ఇప్పుడే చూస్తాండా. ఏం సార్, ఉప్పు కారం సరిపోయిందా అని కూడా అడిగినారా?"

"యాడ దొరికింది అది?" అంది అక్క. లేవబోయింది.

"నువ్వు కూర్చో అక్కా. ఎలుక వైరు కొరికింది, అంతే."

"పొట్లం నేను పెట్టిందే కదా."

"తీయాల్సింది నేను."

"పెట్టకుంటే తీసేదే ఉండదు కదప్పా."

ఇంతలో మెకానిక్ గొంతు మారింది. "సార్, మీ వాదన తర్వాత చేసుకోండి. అక్క కుర్చీ ఆ వేపచెట్టు కిందకు జరపండి. అట్లే ఎదురుగా బీడీ తాగతా ఉండే పెద్దాయన్ను బీడీ పారేయమనండి."

మాట మెల్లగానే అన్నాడు. అందుకే భయమేసింది. అక్కను, కుర్చీని దూరంగా జరిపి వచ్చాక నా చేత్తోనే తడిమి చూడమన్నాడు. వైరు పక్కనే ఇంజనులోకి పెట్రోలు పోయే పైపు. దాని మీద పళ్ళ గాట్లు. పై పొర పోయింది, లోపలి పొర వేలి కింద పలచగా తగిలింది. దానికి జానెడు కింద ఇంజను పొగ పోయే గొట్టం, చెయ్యి పెట్టలేనంత వేడిగా.

"ఇంకా కారలేదు. కారి ఉంటే..." అని ఆపేశాడు.

వణుకు వైరుది. వణుకు లేకపోయి ఉంటే నేను బానెట్ ఎత్తేవాణ్ణే కాదు. అలాగే నడిపేవాణ్ణి, ఆ పైపు మీద, ఆ వేడి మీద, ఆ వంతెన మీద, సీటు వెనక్కి వాల్చి అక్కను పడుకోబెట్టుకుని. నేను వారమంతా భయపడ్డది అసలు భయపడవలసిన దాని గురించి కాదు. అక్క కాళ్ళ కోసం వేసిన ఆ టైరు మీద నేనే కూర్చున్నాను.

మెకానిక్ బైకు తీసుకుని పైపు కోసం బొమ్మసంద్రకు పోయాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అక్క ఊపిరి నేను విన్నాను. లోపల ఎక్కడో సన్నగా, కుక్కరు ఆవిరి పట్టే ముందు చేసే చప్పుడు లాంటిది. "ఏమన్నా మాట్లాడు" అంది. లేచి టైరు దొర్లించుకొచ్చి మళ్ళీ ఆమె కాళ్ళ కింద పెట్టాను.

అతను వచ్చి పైపు మార్చాడు. కొరికిన వైరు అంతదాకా కోసేసి, కొత్త ముక్క వేసి, టంకం పెట్టి, పైన తొడుగు వేసి, లైటరుతో వేడి చేసి బిగించాడు. ఒక్క వైరు లోపల సగం తీగలు తెగి, మిగతా సగం ఒకదానికొకటి తాకీ తాకకుండా ఉన్నాయట. ఇంజను బరువు మీద పక్కకు ఒరిగినప్పుడల్లా ఆ తాకిడి విడిపోయేదట. ఎలుక మాత్రం కనబడలేదు.

ఎత్తు రోడ్డు మీద మేమిద్దరం పోయి వచ్చాం. వణకలేదు. స్కానరు ఏమీ అనలేదు. పదిన్నర అయింది.

"పైన పోండి," అన్నాడు అక్కను ఎక్కిస్తూ. "కింద పోతే టైముకు చేరరు. భయం లేదు సార్. నేను చెప్తాండా కదా."

వంతెన ఎక్కుడు దారిలో కాలు మెల్లగా ఆనించాను. బండి లేచింది. ఇంకొంచెం నొక్కాను. వణుకు తెలిసింది. కాలు తీయబోతూ చూస్తే వినాయకుడు నిటారుగా కూర్చుని ఉన్నాడు, అక్క చేతిలో నీళ్ళ సీసా కదలడం లేదు. వణుకుతున్నది నా మోకాలు.

కొంత దూరం పోయాక అన్నాను. "శనివారం నువ్వు రానన్నావు కదక్కా. నాకు అప్పుడు... బాగా అనిపించింది. పోయే పని తప్పిందని."

ఆమె ఊపిరి కూడదీసుకుంది.

"తెలుసులేప్పా. గురువారం చేత్తో ఆ లైటు దాచినావు కదా. అప్పుడే... అనుకున్నా."

"ఇంకొకసారి అట్ల అనొద్దు నువ్వు."

"ఇంకొకసారి... నువ్వు ఒప్పుకోవద్దు. కొంచెం బేగ పో ఇప్పుడు. ఊపిరి ఆడల్యా."

పోయాను. ఆ వంతెన మీద నేను అంత వేగంగా ఎప్పుడూ పోలేదు, ఇకముందు పోను కూడా.

ఆసుపత్రిలో ముందు తూకం వేస్తారు. నర్సు అంకె చూసి, కాగితం చూసి, మళ్ళీ అంకె చూసింది. "శనివారం ఎందుకు రాలేదు?" అని కన్నడంలో అడిగింది.

"నేనే రాలేదమ్మా," అంది అక్క.

"కాదు, నేను తీసుకురాలేదు," అన్నాను.

నర్సు ఎవరి మాట రాసుకుందో తెలియదు. సూదులు పెట్టింది. ఎర్రటి గొట్టాలు నిండాయి, మిషను తిరగడం మొదలైంది. ఇక బయట కూర్చోవచ్చన్నారు. నేను పోలేదు. మంచం పక్కన నిలబడి ఆ మిషను చప్పుడు విన్నాను. సమంగానే ఉంది. అయినా ఇంకాసేపు విన్నాను.